నారాయణ చూసిన నాలుగు కొమ్ములు

అది 2004 ఎండాకాలం. ఒంగోలులో నాకో మినీ వ్యాను ఉండేది. పంట రోజుల్లో సీట్లు తీసేసి మిరపకాయలు గుంటూరు యార్డుకు వేసేవాణ్ణి. మిగతా రోజుల్లో మనుషుల్ని నల్లమల అభయారణ్యానికి తిప్పేవాణ్ణి.

ఆ ఏడాది చీరాల వైపు నుంచి వచ్చిన రైతుల్లో నారాయణ అనే పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉండగా అడవిలో నాలుగు కొమ్ముల కొండగొర్రె అనే చిన్న జింకను చూశానన్నందుకు, ఆయన ఏం చెప్పినా ఊళ్లో నవ్వి కొట్టిపారేసేవారట. అందరికంటే ఎక్కువ ఏడిపించేది బావమరిది కోటయ్య. ఈసారి చూపిస్తానని నారాయణే అందర్నీ బయల్దేరదీశాడు. కనబడకపోతే ఇక ఊళ్లో నోరెత్తలేడు.

జంతువు కంటపడటాన్ని మేం సైటింగ్ అంటాం. పొద్దున్నుంచీ ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? ప్రయాణమని అందరూ గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలు తొడుక్కొచ్చారు. ఈ గట్టు మీంచి ఆ గట్టుకు పిలుచుకున్నట్టు మాటలు. అడవికే మేం సైటింగ్ అయ్యాం. నారాయణ మాత్రం కిటికీకి అతుక్కుని కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే నాకు పట్టుదల పెరిగింది.

వ్యానులో ఖాళీ మిరప గోతాలుంటే, తెల్లచొక్కాలు కనబడకుండా తలా ఒకటి కప్పాను. మాతో వచ్చిన ఫారెస్టు వాచరు సరేనన్నాక, మా వాసన జంతువులకు అందకుండా గాలి మావైపు వీచేలా చూసుకుని, సాసర్ పిట్ దగ్గర పొదల వెనక కూర్చోబెట్టాను. సాసర్ పిట్ అంటే జంతువుల నీళ్ల కోసం కట్టిన లోతులేని సిమెంటు తొట్టి. గోతాల ఘాటుకు అందరి కళ్లూ మండాయి. తుమ్మితే పని చెడుతుందని ముక్కులు నొక్కుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్లంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలేమో.

ఎండ వాలుతుండగా ఓ కొండగొర్రె పోతు వచ్చింది. మేకంత ఉంది, గోధుమరంగు. బెదురుతూ నీళ్లకు తల వంచింది. వెనక రెండు నిటారు కొమ్ములు, వాటి ముందు బొటనవేలంత మరో రెండు. నాకైతే గంతెయ్యాలనిపించింది.

అది వెళ్లాక ముందుగా తుమ్మింది కోటయ్యే. కళ్లు తుడుచుకుంటూ, "నాలుగే బావా. నేను లెక్కపెట్టా" అన్నాడు.

నారాయణ సన్మానంలో శాలువా కప్పించుకున్నవాడిలా ఆ గోతంతోనే వ్యాను దాకా నడిచాడు.

ఊరు చేరగానే కోటయ్య అందరికంటే ముందు దిగి, టీకొట్టు దగ్గరున్నవాళ్లతో అన్నాడు: "మా బావ చెప్పింది నిజమేరా. కాదనేవాళ్లు ఇకనుంచి నాతో చెప్పండి."

అడవికి వచ్చినవాళ్లకు జంతువును చూపిస్తే నా పని అయిపోయినట్టేనని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఆ రోజు ఓ మనిషికి తన మాటకు విలువ తిరిగి దక్కింది. దాంట్లో నా చెయ్యి కూడా ఉందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.