మజ్జిగ వడ్డన

ఉద్యోగం మానేశాక నాకు పట్టిన అయోమయం గురించి చెప్పాలంటే ఆ మజ్జిగ గురించే చెప్పాలి. ఒక మనిషి ఊపిరి ఆ గ్లాసు మీద ఆధారపడి ఉందని తెలిసిన రోజు నుంచీ మంచి చెయ్యడమంటే ఏమిటో నాకు బొత్తిగా తెలియకుండా పోయింది. ఇప్పుడైనా తెలిసిందా అంటే, ఏమో, చెప్పలేను.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు నాది. రిటైర్మెంటుకి ఇంకా ఏళ్ళుండగానే వీఆర్ఎస్ తీసుకున్నాను. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే?" అన్నారు మా ఆయన. "నా ఇష్టమొచ్చింది చేస్తా, మీకెందుకు?" అన్నాను పొగరుగా. చెప్పొద్దూ, నా ఇష్టమేమిటో నాకే తెలీదు. భవానీపురంలో మా వీధి చివర యోగా క్లాసులో చేరాను. శవాసనంలో నిద్రపోయి గురక పెట్టానట, అందరూ వెళ్ళిపోయాక టీచరమ్మ తట్టి లేపింది. వీణ మొదలుపెడితే వేళ్ళు బొబ్బలెక్కాయి. పైగా పక్కింటావిడ "మీ మిక్సీ గానీ పాడయిందా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఈతకని వెళ్ళి, నీళ్ళు చూసి, మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. ఓ పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఎక్కడికి బయల్దేరానో నాకే తెలియలేదు. లోపలికొచ్చి మంచం మీద కూర్చుంటే ఏడుపొచ్చింది.

మా పై పోర్షన్లో ఒకావిడ ఉంది, వదినగారూ అని పిలుస్తాను. నా వాలకం కనిపెట్టిందో ఏమో, నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది. ఆవిడా, ఇంకొందరు ఆడవాళ్ళూ కలిసి ఆస్పత్రి ఆవరణలో రేకుల షెడ్డు కింద పేషెంట్ల తాలూకు వాళ్ళకి మధ్యాహ్నం భోజనం పెడతారు. కొత్తదాన్ని కదా, నాకు మజ్జిగ బకెట్టు అప్పజెప్పారు.

"ఇదిగో, ఎవర్నీ బలవంతం చెయ్యకు. అడిగినంతే పొయ్యి" అని వదినగారు ముందే చెప్పింది. చెప్తే మాత్రం? నేను పుట్టి పెరిగింది కంకిపాడు పక్కన. మా ఇళ్ళల్లో పంక్తిలో కూర్చున్నవాళ్ళు మొదటిసారి వద్దనాలి, అది మర్యాద. వడ్డించేవాళ్ళు మళ్ళీ అడగాలి, అదీ మర్యాదే. ఒక్కసారి అడిగి ఊరుకున్నారంటే మొక్కుబడిగా పెట్టారని ఊరంతా చెప్పుకుంటారు. మా అమ్మయితే ఒట్లు పెట్టి మరీ నెయ్యి పోసేది. అదే చెయ్యి నాకూ వచ్చింది, ఊరుకుంటుందా? "ఎండన పడి వచ్చారు, తాగండి, తాగండి" అంటూ బకెట్టు ఖాళీ చేసేదాన్ని. ఆఫీసు మానేశాక నా చేతులకి అదే మొదటి పని. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర గొప్పలు పోయాను కూడా.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆ పెద్దాయన కనిపించాడు. తెల్ల పంచె, భుజాన కండువా. మాట వినగానే పట్టేశాను.

"ఏ ఊరండీ?"

"కంకిపాడు పక్కనమ్మా."

ఇంకేముంది! గ్లాసు నిండా పోశాను. చాలమ్మా అన్నాడు. "మనలో మనకి మొహమాటమేంటి బాబాయిగారూ" అని ఇంకో గ్లాసు పోశాను. వద్దు తల్లీ అన్నాడు. "నా మీద ఒట్టే" అన్నాను. గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. "ఎన్నాళ్ళకి కడుపారా తాగానమ్మా" అన్నాడు. నేను పొంగిపోయాను. అంతలో ఆయన భార్య మందుల సంచీతో వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది.

తర్వాతి వారం ఆయన భార్య ఒక్కతే వచ్చింది. బాబాయిగారేరీ అని అడిగాను.

"లోపల ఆక్సిజన్ పెట్టారమ్మా" అంది. ఆయనకి కిడ్నీలు రెండూ పోయాయట. రోజు విడిచి రోజు ఇక్కడికే డయాలసిస్‌కి వస్తాడట. ఒంట్లో నీరు పోయే దారి లేదు కాబట్టి మంచినీళ్ళయినా కొలిచి తాగాలట. "ఆ రోజు నేను మందుల కోసం లైన్లో ఉన్నా. ఇంటికెళ్ళాక ఆయాసం ఎత్తుకుంది. ఎందుకు తాగావయ్యా అంటే, మన ఊరి పిల్ల అంత ప్రేమగా పోస్తుంటే ఎట్టా కాదంటానే, అన్నాడు."

ఆవిడ తల వంచుకుని అన్నం కలుపుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

వార్డు దగ్గరికి పరుగెత్తి జరిగింది చెప్పాను. "మీ మజ్జిగొక్కటే కాదులెండి, ఇంటి దగ్గర పుచ్చకాయ కూడా తిన్నాడట. ఏది పీకల మీదకి తెచ్చిందని చెప్తాం?" అంది నర్సు. అది ఓదార్పో, దెప్పిపొడుపో అర్థం కాలేదు. "నీకెందుకొచ్చిన గొడవ, మానెయ్" అన్నారు మా ఆయన. వదినగారేమో "ఇప్పుడు మానేస్తే ఇంకా తప్పు" అంది. నాకు బుర్ర తిరిగిపోయింది. ఆయన బతికి బయటపడితే చాలు, మళ్ళీ వచ్చి పంక్తిలో కూర్చుంటే చాలు అనుకుంటూ రోజూ వెళ్ళాను. వడ్డన మాత్రం మారిపోయింది. గ్లాసు చాపిన ప్రతివాళ్ళనీ "మీకు కిడ్నీ జబ్బేమైనా ఉందా అండీ?" అని అడిగేదాన్ని. ఒకాయనకి ఒళ్ళు మండి, "నీ మజ్జిగ నువ్వే తాగు తల్లీ" అని లేచిపోయాడు.

చివరికి ఆయన వచ్చాడు. సగం మనిషయ్యాడు. భార్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అమ్మయ్య, ఉన్నాడు! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. సంగతి అప్పటికే అందరికీ పాకింది. అన్నం వడ్డించేవాళ్ళు కాస్త పెట్టి వెళ్ళారు. సాంబారు ఆయన్ని దాటేసింది. నేనూ తల దించుకుని, బకెట్టుతో పక్కాయన దగ్గరికి నడిచాను.

"ఏమ్మా, నేను కనపళ్ళేదా?"

"మీకు పొయ్యకూడదు కదా బాబాయిగారూ."

"పొయ్యమన్నానా? అడగమంటన్నా" అన్నాడు. "ఇంట్లో నన్ను చూస్తే నీళ్ళ చెంబు దాచేస్తారు. ఇక్కడ దాటుకుని పోతారు. వద్దనే మాటన్నా నన్ను అననియ్యండమ్మా."

ఆయన భార్యకేసి చూశాను. ఆవిడ అన్నంలోకి చూస్తోంది. అడగడం మంచో, అడక్కపోవడం మంచో చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

"మజ్జిగ పొయ్యమంటారా బాబాయిగారూ?"

"వద్దమ్మా."

పాడు నోరు, అలవాటు కొద్దీ "కొంచెమన్నా?" అనేసింది.

"వద్దు తల్లీ" అన్నాడు. బకెట్టులోకి చూస్తూ ఒట్టి గుటక మింగాడు.