నర్తన ఎందుకు కాదు?

ఇవాళ పొద్దున మూకుడులో కరివేపాకు చిటపటలాడగానే నాకు నవ్వొచ్చింది. బెళ్ళందూరులో తొమ్మిదో అంతస్తు. కిటికీ అవతల రింగ్ రోడ్డు మీద హారన్ల మోత, గట్టు మీద మోగుతున్న ఆఫీసు ఫోను. నేను మాత్రం గరిటె పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుతున్నాను. "ఏనుగు వెంట చేదాకు, తాలింపులోకి. అయిదు అక్షరాలు." కరి అంటే ఏనుగు, చేదాకు అంటే వేపాకు, రెండూ కలిస్తే కరివేపాకు. గళ్ళనుడికట్టు కోసం ఈ ఆధారం కట్టింది చిక్కపేటలో లేసులూ జరీ అంచులూ అమ్మే నాగరాజప్ప గారు. ఆయన పోయి రెండేళ్ళయింది. నా వంటింట్లోకి ఏనుగును తోలుకొచ్చిన మనిషి ఆయనొక్కరే.

ఆయన పరిచయమయ్యేనాటికి నేను మారతహళ్ళిలో ఒక పీజీలో ఉండేదాన్ని. కడప నుంచి వచ్చి ఏడాది దాటింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే ఇతరుల తప్పులు పట్టడమే పని. పట్టేదాన్ని కూడా. కానీ మీటింగులో నోరు తెరిచి ఆ సంగతి చెప్పలేకపోయేదాన్ని. మెయిల్ పెట్టి ఊరుకునేదాన్ని. అలాంటి రోజుల్లో ఒక శనివారం అక్క చీరకు అంచు కొనడానికి చిక్కపేట వెళ్ళాను. తోపుడు బళ్ళను తప్పించుకుంటూ ఒక చిన్న కొట్టులో దూరితే, బల్ల వెనక అరవై దాటిన పెద్దాయన తెలుగు వారపత్రిక మడిచి పట్టుకుని పెన్సిల్ కొరుకుతున్నారు. నన్ను చూడనేలేదు. తలకిందులుగా కనిపిస్తున్న ఆ పేజీలో నేను ఒక ఆధారం చదివాను. "తల తిప్పితే తీగ." రెండే గళ్ళు.

"లత" అన్నాను, అనాలని అనుకోకుండానే.

ఆయన పెన్సిల్ కింద పడేశారు. "ఎట్ల చెప్పినావమ్మా?"

"తల అన్న మాటను వెనక్కి చదివితే లత కదండీ. లత అంటే తీగ."

"నేను అర్ధ గంట నుంచి మెడ తిప్పుకుంటా కూచున్నానే! ఇట్ల రా, కూచో. అంచు యాడికీ పోదు, ఈడే ఉండాది." ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళను పనివాళ్ళకు అప్పజెప్పి, నాకు స్టూలు జరిపి, మిగతా గళ్ళ మీద పడ్డారు. ఆ రోజు అంచు కొనడం ఇద్దరమూ మర్చిపోయాం.

వాళ్ళది నాలుగు తరాలుగా బెంగళూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. "నోటికి తెలుగు ఉండాది, చేతికి లేకపాయె" అనేవారు. నలభయ్యో ఏట, జరీ పెట్టెల్లో చుట్టి వచ్చే తెలుగు పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నారట. ఆ పేపర్లలోనే గళ్ళు కనిపించాయి. ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క గడిలో కూర్చోబెట్టిన తీరు చూసి, తనలా కూడబలుక్కుని చదివేవాళ్ళ కోసమే ఎవరో వేశారని అనుకున్నారట. చిన్నప్పటినుంచీ తెలుగు చదివిన నాకు మాటలంటే అర్థాలే. ఆయనకు మాటలు విప్పి చూసుకునే యంత్రాలు.

ఆదివారాలు కొట్టు తలుపు సగం ఎత్తి ముగ్గురం కూర్చునేవాళ్ళం. మూడో మనిషి రెహానా, కర్నూలు అమ్మాయి, బ్యాంకులో పని. ఒకరు కట్టిన ఆధారాన్ని మిగతా ఇద్దరూ విప్పాలి. ఆయన ఒక్కటే నియమం పెట్టారు. "విప్పేవాణ్ణి దారి తప్పించు, పరవాలేదు. దారే లేకుండా చెయ్యొద్దు." నాది కడప అని తెలిసిన మరుసటి వారం ఆయన ఊపుగా వచ్చారు. "మీ ఊరు తిరగబడితే నిద్రే నిద్ర. మూడు అక్షరాలు!" కడపను వెనక్కి చదివితే పడక. నేను చప్పట్లు కొట్టాను. రెహానా మాత్రం ఒప్పుకోలేదు.

"మీ ఊరు అంటే ఎవరి ఊరు అంకుల్? గళ్ళు నింపే వాళ్ళంతా కడప వాళ్ళేనా? మా కర్నూలు వాళ్ళు ఏం కావాల?"

ఆయన తొడ చరిచి నవ్వారు. "దొరికిపోతినే! బలే పట్టినావమ్మా!" తన తప్పు బయటపడినందుకు అంత సంబరపడే మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

మూడో ఏడు ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మారతహళ్ళిలో తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఏటా ఆయనే గళ్ళు కట్టి ఇచ్చేవారు. ఆ ఏడు ఆ పని నాకు అప్పగించారు. చదివి వినిపిస్తానంటే వద్దన్నారు. "నీ గళ్ళు నీవే కట్టు. విన్నానంటే వేలు పెడతా."

నెల రోజులు కష్టపడి కట్టాను. హాల్లో అరవై మంది దాకా కూర్చుని గంటసేపు పెన్సిళ్ళు నమిలారు. నేను వేదిక మీద నుంచి వాళ్ళ మొహాలు చూస్తూ, ఎవరికో ఒక మాట తట్టి కళ్ళు మెరిసినప్పుడల్లా పొంగిపోయాను. చివరికి ఒక్కరివే అన్నీ సరిపోయాయి. ఆయన ఏదో కంపెనీలో మేనేజరు. ఒకే ఒక్క తప్పుతో రెండో స్థానంలో వచ్చింది ఓబులేసు అనే మేస్త్రీ. కదిరి వైపు మనిషి, అపార్టుమెంట్ల కట్టుబడి పనిలో ఉన్నాడు. మొదటి బహుమతి లావుపాటి తెలుగు నిఘంటువు. అధ్యక్షుడు మేనేజరు పేరు ప్రకటించగానే ఓబులేసు లేచాడు.

"మేడమ్, 'ఎటునుంచి చదివినా రంగస్థలం మీద కనిపించేదే' అన్నారు. నేను నర్తన అని రాసినా. న, ర్త, న. ఎట్ల చదివినా అదే. స్టేజీ మీద చేసేదే. నర్తన ఎందుకు కాదు?"

నేను అనుకున్నది నటన. న, ట, న. నడిమి గడిని వేరే మాట ఏదీ దాటి వెళ్ళదు కాబట్టి అక్కడ ట ఉండాలో ర్త ఉండాలో తేల్చే దారే లేదు. ఆయన రాసింది నూటికి నూరుపాళ్ళూ సరైన జవాబు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా, "జవాబు పత్రంలో నటన అని ఉందండీ" అన్నాను.

"టైమ్ లేదు, కూర్చోండి" అన్నాడు అధ్యక్షుడు. ఓబులేసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను మెట్లు దిగి నాగరాజప్ప గారి పక్కన కూలబడ్డాను. ఆయన నల్లద్దాలు వేదిక వైపే ఉన్నాయి.

"ఆ మనిషి అడిగింది వినపడిందా?" అన్నారు.

"వినపడింది."

"నీవేం చెప్పినావు?"

"పత్రంలో నటన అని ఉందని..."

"ఆ పత్రం రాసింది ఎవరమ్మా?"

నేను మళ్ళీ మెట్లెక్కాను. మైకు అందుకున్నాను. "ఆధారం నేను సరిగ్గా కట్టలేదు. నర్తన కూడా సరైన జవాబే. తప్పు ఓబులేసు గారిది కాదు, నాది" అన్నాను. హాల్లో గుసగుసలు లేచాయి. అధ్యక్షుడు నా చెవిలో "ఇప్పుడెందుకమ్మా ఇదంతా" అన్నాడు. మేనేజరు మాత్రం ఉత్సాహంగా లేచి నిలబడ్డాడు. "అయితే ఇద్దరం సమానం. ఇంకొక ఆధారం ఇవ్వండి, తేల్చుకుంటాం!"

నేను ఇంకొకటి కట్టుకుని రాలేదు. అప్పుడు కింద నుంచి వినిపించింది. "నా దగ్గర ఒకటి ఉండాది."

నాగరాజప్ప గారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. "తల లేని కవి జీతంలో ఇరుక్కుంటే బతుకు. మూడు అక్షరాలు."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. ఓబులేసు వేలితో అరచేతిలో రాసుకుంటున్నాడు, చెరిపేస్తున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ మనిషి కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"జీవితం! కవికి తల తీసేస్తే వి. దాన్ని జీతం నడుమ ఇరికిస్తే జీ, వి, తం. జీవితం!"

చప్పట్లు ఆగలేదు. మేనేజరే ఎదురెళ్ళి ఓబులేసు భుజం తట్టాడు. "మీకు ఎలా తట్టిందండీ?"

"జీతం గురించి ఆలోచించడం మాకు రోజూ ఉండేదే కద సార్!" అన్నాడు ఓబులేసు, నిఘంటువును రెండు చేతులా హత్తుకుని. హాలు ఘొల్లుమంది.

తిరిగి వెళ్తూ ఆటోలో, "సిగ్గుతో చచ్చిపోయానండీ" అన్నాను.

"సిగ్గెందుకు? బేజారు చేసుకునే మాటే కాదు ఇది. నీవు కట్టిన గళ్ళలో నీకే కనపడని మాట ఇంకోటి చూసినాడు ఆ మనిషి. ఎగిరి గంతెయ్యాల గదా! నాకైతే 'నర్తన' అనంగానే ఒళ్ళు ఝల్లుమనింది." నిజంగానే ఆయన దారి పొడుగునా కుదురుగా కూర్చోలేదు. న-న మధ్యలో ఇంకేం పడతాయా అని వేళ్ళు మడుస్తూనే ఉన్నారు.

ఆ తర్వాతి వారం ఆఫీసు మీటింగులో మొదటిసారి నోరు విప్పాను. ముందు రోజు నేను సరే అని వదిలిన దాంట్లోనే లోపం ఉందని, చూడకపోవడం నా పొరపాటని చెప్పాను. ఆకాశం విరిగి మీద పడలేదు. ఓబులేసు ఆదివారాల్లో మాతో చేరాడు. ఇప్పుడు రెహానా ఇంట్లో కూర్చుంటున్నాం. అతను కట్టే ఆధారాల్లో సిమెంటు, ఇసుక, సెంట్రింగు కర్రలు వస్తుంటాయి. నేనూ రెహానా వాటిని విప్పలేక జుట్టు పీక్కుంటాం.

ఈమధ్య నా కింద పదకొండు మంది పనిచేస్తున్నారు. ఎవరైనా వచ్చి, "మీరు చెప్పింది కాదు, నాకు ఇంకొకటి వస్తోంది" అంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అందులో పాత భయం కొంచెం. ఆయన ఇచ్చిపోయిన ఆత్రం బోలెడు.