పచ్చ అంచు చాట

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. సూర్యాపేటలో డ్రాయింగు మాస్టారుగా చేరిన కొత్తలో శ్మశానం పక్కనే కిరాయికున్నాను. హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఇది తొంభైల మొదట్లో సంగతి. పాత చాటలతో ఒక హాలంతా నింపాలని నాకు పిచ్చి పట్టింది. అరిగి, చిల్లులు పడి, ఇక చెరగడానికి పనికిరాని చాటలు. వాటిని సన్నటి తీగలతో చేతుల ఎత్తులో వేలాడదీస్తే, మనుషులు లేకుండానే ఆడవాళ్ల కష్టం కనబడుతుందని నా ఆలోచన. అంతా ఒక్కణ్ణే చేయాలని పట్టుదల.

ఆదివారాలు కోదాడ, మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగాను. కొత్త చాట ఇచ్చి పాతది తీసుకునేవాణ్ణి. అందరూ నవ్వుకుంటూ ఇచ్చారు, ఒక్క ఎల్లమ్మ తప్ప.

ఆమె మిర్యాలగూడలో ఒక మిల్లు వెనక నూకలు చెరిగేది. ఆమె చాట అంచుకు పచ్చ చీరపేలిక కుట్టి ఉంది. అడిగితే రొమ్ముకు హత్తుకుంది.

"ఇది నా బిడ్డది సారూ. కామెర్లతోని పోయింది. గీ పేలిక దాని చీరదే. నేనియ్య."

అప్పటినుంచి నాకు ఆ చాటే కావాలనిపించింది. ఆమె నీళ్లకు పోయినప్పుడు, దాని చోట కొత్తది పెట్టి, పాతది సంచిలో వేసుకుని బస్సెక్కాను.

చాటలన్నీ కడిగి రెండు రోజులు ఎండబెట్టాను. సూర్యాపేటలో ఒక ఖాళీ హాల్లో వేలాడదీశాను. పచ్చ అంచుది మధ్యలో.

మర్నాడు తాళం తీస్తే దాని కింద గుప్పెడు ఊక. మిగతా వాటి కింద ఏమీ లేదు. ఎలుకల పనేమో అనుకుని ఊడ్చేశాను. రెండో రోజూ అంతే. తడిగుడ్డతో నేల తుడిచి, కిటికీలు గడియపెట్టి, తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు, గాలి లేదు. నేను నిచ్చెన మీద ఉండగా ఆ ఒక్క చాట కదిలింది. ఊగడం కాదు. ఎగరేసి వెనక్కి లాక్కున్నట్టు, అచ్చం చెరిగినట్టు. కింద ఊక రాలింది. దిగి ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

హాలు కాపలా ఉండే ముసలాయన సాయిలు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"సారూ, గా చాట ఎవలది?" అన్నాడు. నేను ఆ చాట తీగ విప్పి సంచిలో వేసుకున్నాను.

అప్పుడే మిర్యాలగూడ బయల్దేరాను. ఎల్లమ్మ అదే చోట కూర్చుని, ఒట్టి చేతులతో నూకలు ఏరుతోంది. నేను పెట్టిన కొత్త చాట గోడకు ఆనించి ఉంది, ముట్టుకున్నట్టు లేదు. పాతది చేతికిచ్చాను.

"పొరపాటున వేరేవాటితో కలిసిపోయిందమ్మా."

ఆమె పేలికను వేళ్లతో సవరించింది. "అయితది సారూ, అయితది," అంది, నా ముఖం చూడకుండా.

కొన్ని నెలల తర్వాత నిజం ఒప్పుకుందామని మళ్లీ పోయాను. పని మానేసిందన్నారు. ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

కడిగి ఎండబెట్టిన చాటలోంచి ఊక ఎలా రాలిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ఆ రోజు ఆమె ముందు నిలబడి, 'నేనే ఎత్తుకుపోయానమ్మా' అని ఎందుకు అనలేకపోయానో, అదీ అంతుబట్టదు.