ఐదు పూటల మాత్రలు

ఆఫీసులో ఆమెను అందరూ కామా అనేవారు. అచ్చుకు వెళ్లబోయే కాగితంలో ఉండాల్సిన చోట కామా లేకపోతే ఆమెకది పంటి కింద రాయిలా తగిలేది. పెన్సిలుతో గుచ్చేదాకా ప్రాణం ఊరుకునేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. కొట్ల బోర్డుల మీద అక్షరదోషాలు వెతుక్కుంటూ బడికి నడుస్తూ రెండుసార్లు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. ఆ కళ్లే చివరికి కూడు పెట్టాయి. పదిహేడేళ్లుగా ఆమె ఒక శాస్త్రవార్తల వారపత్రికలో ప్రూఫ్‌రీడరు.

ఆ పత్రికలో ముందు భౌతికశాస్త్రం, మధ్యలో వైద్యం, చివర ప్రజారోగ్యం. ప్రపంచంలో ఎక్కడ ఏ పరిశోధన ఫలితం వచ్చినా వారం తిరక్కుండా అందులో పడేది. భౌతికశాస్త్రం పేజీలతో ఆమెకు పేచీ లేదు. ఎక్కడో నక్షత్రం పేలిందని ఉంటే, ‘ల’ బదులు ‘ళ’ పడిందేమో చూసి పక్కన పెట్టేసేది. మిగిలిన పేజీలే ఆమె వెంట ఇంటికొచ్చేవి. ఒక వారం వంటింట్లో ప్లాస్టిక్ డబ్బాలు మాయమయ్యాయి. ఇంకో వారం దోమల చుట్టలు పోయాయి. రోడ్డు పొగ గురించి చదివిన వారం మంచాన్ని కిటికీ దగ్గర్నుంచి లాగి బీరువా పక్కన ఇరికించింది. లేచేటప్పుడల్లా మొగుడి మోకాలు బీరువాకు తగిలేది.

అత్తగారు మాత్రం నవ్వేది. “మీ వాళ్లు మొన్న కాఫీ తాగితే పోతారన్నారు, నిన్న తాగకపోతే పోతారన్నారు. ఏదో ఒకటి తేల్చుకుని చెప్పమనవే అమ్మాయ్, ఈలోగా నేనొక కప్పు తాగుతాను” అనేది.

కామా నవ్వేది కాదు. ఆమె భయానికి పుట్టిల్లు వేరే ఉంది. మొగుడికి మూర్ఛ.

ఆయన ఆ సంగతి దాచి పెళ్లి చేసుకోలేదు. చూడ్డానికి వచ్చిన రోజే, “నాకు ఫిట్స్ ఉన్నాయండి. మాత్ర వేసుకుంటే రావు. ఆలోచించుకుని చెప్పండి” అన్నాడు. ఆ నిజాయితీకే ఆమె సరేనంది. పెళ్లయిన మూడో ఏడు, బస్టాపులో తన పక్కనే నిలబడి మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో కొయ్యబారిపోయి, మొదలు నరికిన చెట్టులా రోడ్డు మీద పడ్డాడు. తల రాతికి కొట్టుకున్న చప్పుడు ఆమె చెవుల్లో ఉండిపోయింది. తరవాత డాక్టరు మాత్ర మార్చాడు. గుండ్రటి తెల్లమాత్ర, పొద్దునొకటి, రాత్రొకటి. అప్పట్నుంచి తొమ్మిదేళ్లు ఒక్కసారి కూడా రాలేదు.

ఆయన చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. వంద పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, గీతల వెంట కరెంటు కత్తితో కోస్తాడు. వంద చొక్కాల చేతులు ఒక్క కోతలో తెగిపోతాయి. గుడ్డను అదిమిపట్టే ఎడమచేతికి ఉక్కు జాలీ తొడుగు వేసుకోవాలి. ఐదేళ్లు ఫిట్స్ రాలేదని డాక్టరు సంతకం పెట్టాకే ఆ కత్తి ఆయన చేతికిచ్చారు. ఆ పనంటే ఆయనకు ప్రాణం.

ఒక మంగళవారం మధ్యాహ్నం వైద్యం పేజీ మొదటి ప్రూఫు ఆమె బల్ల మీదికి వచ్చింది. పైన పెద్ద అక్షరాలు: ‘ఫిట్స్ మాత్రతో కాలేయ క్యాన్సర్ ముప్పు రెట్టింపు’. కింద రెండు పేరాలే ఉన్నాయి, మిగతా మేటరు శుక్రవారం వస్తుందని పక్కన రాసి ఉంది. రెండో పేరాలో మందు పేరుంది. ఆమె అలవాటుగా అక్షరం అక్షరం చదివింది. ఏడక్షరాలు. ప్రతి ఆదివారం మాత్రలు సర్దుతూ చూసే రేకు మీద ఉన్న ఏడక్షరాలే. ఎనిమిదేళ్లకు పైగా వాడినవాళ్లలో ముప్పు రెట్టింపు అయిందట.

‘రెట్టింపు’లో టకారం వత్తు సరిగ్గా పడిందో లేదో చూడబోయింది గానీ, అక్షరాలు అలుక్కుపోయాయి.

భౌతికశాస్త్రం పేజీ రాసే రిటైరైన మాస్టారు నాలుగడుగుల దూరంలోనే కూర్చుంటాడు. అడిగి ఉంటే ఆయన చెప్పేవాడు. కానీ అచ్చయ్యే ముందు పేజీలో సంగతి మాట్లాడకూడదని పత్రిక నియమం. పైగా మొగుడి జబ్బు గురించి ఆఫీసులో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంటికెళ్లి చూస్తే మొగుడు బీరువాకు ఆనుకుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. ఆమె ఆయన కళ్లు చూసింది, పసుపుగా ఉన్నాయా అని. “ఏమిటలా చూస్తున్నావు, కొత్తగా?” అన్నాడు. ఏం లేదంది. చెబితే ఏమంటాడో ఆమెకు తెలుసు. “మీ పత్రిక మాట విని మంచం జరిపావు, మోకాలు పోయింది. ఇప్పుడు మాత్ర కూడా జరుపుతావా?” అంటాడు.

మాత్ర మానకూడదని డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు. ఆమెకు తెలియక కాదు. కానీ తొమ్మిదేళ్లుగా రాని జబ్బు, ఉన్నా లేనట్టే అనిపించింది. రాబోయే జబ్బు మాత్రం గుమ్మంలో నిలబడి చెప్పులు విడుస్తున్నట్టుంది. డాక్టరు దగ్గరికి ఎలాగూ రెండు వారాల్లో వెళ్లాలి. ఈ రెండు వారాలైనా ఆ విషం ఆయన ఒంట్లో పడకుండా ఆపితే చాలనుకుంది. అత్తగారి కాల్షియం మాత్రలు కూడా తెల్లగా, గుండ్రంగా, అంతే ఉంటాయి. బుధవారం పొద్దున ఆమె మాత్రల డబ్బాలో ఇవి తీసి అవి పెట్టింది. ఆయన ఎప్పట్లాగే చూడకుండా నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

ఆ రోజంతా ఆమెకు తేలిగ్గా ఉంది. గురువారం నుంచి పాత భయం మళ్లీ తల ఎత్తింది. భోజనాల దగ్గర ఆయన గ్లాసు జారవిడిస్తే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. “గ్లాసేగా, పోతే పోయింది” అన్నాడాయన. శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటూ, ఎడమ భుజం ఒకటి రెండుసార్లు ఎగిరిపడుతోందని చెప్పాడు. రాత్రి సరిగ్గా పడుకోలేదేమోలే అని తనే అనుకుని, ఐదో పూట మాత్ర వేసుకుని పనికెళ్లిపోయాడు.

పదకొండు గంటలకు మిగతా ప్రూఫు వచ్చింది. అందులో ఒక పట్టిక. ఆ మాత్ర వాడనివాళ్లు లక్షమందిలో, పదేళ్లలో, ఆ క్యాన్సర్ వచ్చింది ముగ్గురికి. ఎనిమిదేళ్లకు పైగా వాడిన లక్షమందిలో ఆరుగురికి. పట్టిక కింద చిన్న అక్షరాలతో ఒక గడి: ‘ఈ మాత్రను డాక్టరు చెప్పకుండా హటాత్తుగా మానరాదు. మానితే కొద్దిరోజుల్లోనే తీవ్రమైన మూర్ఛ రావచ్చు; ప్రాణాపాయం కూడా.’

‘హటాత్తు’లో టకారానికి వత్తు లేదు. ఆమె పెన్సిలుతో దాన్ని ‘ఠ’గా దిద్దింది. దిద్దాకే ఆ వాక్యం ఆమెకు అర్థమైంది.

లేచి మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది. “మాస్టారూ, రెట్టింపంటే లక్షలో మూడు ఆరవడమేనా?”

“అంతేనమ్మా. ఎంతలో ఎంత అని అడక్కపోతే రెట్టింపనే మాటకు అర్థమే లేదు. ఏమైంది, అలా చెమటలు పడుతున్నాయేం?”

ఆమె ఫోను తీసింది. కటింగ్ హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. ఆయన ఫోను లాకర్లో మోగి మోగి ఆగిపోయింది. సూపర్‌వైజరు నంబరు బిజీగా ఉంది. ఆమె బ్యాగు కూడా తీసుకోకుండా మెట్లు దిగింది. వెనక మాస్టారు ఏదో అంటూనే ఉన్నాడు.

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఎక్కేవాళ్లు నింపాదిగా ఎక్కుతున్నారు, దిగేవాళ్లు నింపాదిగా దిగుతున్నారు. ఆమె కళ్లముందు ఉక్కు తొడుగు, దాని పక్కన నిలువుగా ఆడే కత్తి, ఆ కత్తి మీదికి కొయ్యబారి ఒరిగే మనిషి. బస్టాపులో అయితే రాయి. ఇక్కడ కత్తి. ‘లక్షలో ముగ్గురికి భయపడి మొగుణ్ణి కత్తి ముందు నిలబెట్టానే’ అనుకుంది.

గేటు దగ్గర కాపలాదారు చీటీ రాయమన్నాడు. ఎవరిని చూడాలి, ఏం పని. పదిహేడేళ్లుగా ఇతరుల రాతలు దిద్దిన మనిషికి, పని ఏమిటన్న గడిలో ఏం రాయాలో తోచలేదు. “ఆయనకు ఒంట్లో బాగాలేదు” అంది.

“ఇప్పుడేగా టీ తాగి వెళ్లారు, బానే ఉన్నారే?”

“మీకు తెలీదు బాబూ, పోనివ్వండి!”

కటింగ్ హాలుకు నడుమెత్తు నుంచి అద్దం. అద్దం అవతల ఆయన పనిలో ఉన్నాడు. నీలం గుడ్డ దొంతర, దాన్ని చీల్చుకుంటూ కత్తి. ఎడమచెయ్యి గుడ్డ మీద, కుడిచెయ్యి పిడి మీద. అద్దం మీద బాదబోయి ఆగిపోయింది. ఉలిక్కిపడితే? చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆయన ఒక వంపు తిప్పాడు, మెడపట్టీ కాబోలు. తరవాత పొడుగు గీత. మధ్యలో ఎడమ భుజం చిన్నగా ఎగిరింది. కత్తి గీత తప్పలేదు. గీత చివరికొచ్చి ఆయన మీట ఆపి, కత్తి పక్కకు నెట్టాక, అప్పుడు అద్దం మీద వేళ్లతో మెల్లగా తట్టింది.

ఆయన బయటికొచ్చాడు. “ఏమైంది? అమ్మకేమైనా…”

“అత్తయ్యకేం కాలేదు. మీకే. నేనే చేశాను.” అంతా చెప్పేసింది. ప్రూఫు, రెట్టింపు, కాల్షియం మాత్రలు. మాట మాట మీద పడి తడబడింది గానీ ఒక్క ముక్క దాచలేదు.

ఆయన ఉక్కు తొడుగు విప్పుతూ విన్నాడు. “ఎన్ని పూటలు?” అన్నాడు.

“ఐదు.”

ఆయన ముఖంలో రక్తం లేదు. తిట్టలేదు. లోపలున్న కత్తి వంక ఒకసారి చూసి, గోడ పట్టుకుని మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. “పద, డాక్టరు దగ్గరికి” అన్నాడు.

డాక్టరు గది బయట వరుసలో కూర్చున్నప్పుడు వచ్చింది. ఆయన ఆమెతో ఏదో చెప్పబోయాడు. పెదవి ఒక పక్కకు లాగింది. ఆమె ఈసారి పక్కనే, చేతులు చాచుకునే ఉంది. తలను ఒళ్లోకి తీసుకుంది, పక్కకు తిప్పింది. ఒళ్లంతా కొట్టుకుంటుంటే గడియారం చూస్తూ పట్టుకుంది. రెండు నిమిషాల నలభై సెకన్లు. నర్సులు పరిగెత్తుకొచ్చారు. సూది వేశారు. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, “ఇది గంట ముందు వచ్చి ఉంటే?” అన్నాడు. మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నాడు. కాలేయానికి ఏడాదికోసారి రక్తపరీక్ష చాలన్నాడు. మాత్ర ఆగినందుకే వచ్చింది కాబట్టి ఈసారి ఐదేళ్లు కాక, ఏడాదిపాటు కత్తి మెషిన్ దగ్గరికి వెళ్లకూడదని ఫ్యాక్టరీకి కాగితం రాసిచ్చాడు.

ఇంట్లో సంగతి తెలిశాక అత్తగారు మంచం మీద కూలబడింది. “నా మాత్రలు తగ్గుతున్నాయని నాకు తెలుసే అమ్మాయ్. నువ్వు వేసుకుంటున్నావేమో, ఎముకలకు మంచిదిలే అనుకున్నాను” అంది. ఆ మాటకు కామా అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి, ప్రూఫు మీద సంతకం పెట్టనని ఎడిటరుతో చెప్పింది. ఆ గడి పైకి రావాలి, లెక్క మొదటి పేరాలోనే ఉండాలి, ‘రెట్టింపు’ తీసెయ్యాలి.

“దిద్దడం వరకే మీ పని” అన్నాడు ఎడిటరు.

“ఇదీ తప్పేనండి. అక్షరాల్లో లేదంతే.” నోరు విప్పి మొగుడి సంగతి మొదటిసారి చెప్పింది. మాస్టారు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. గంట వాదన తరవాత గడి పైకి వచ్చింది, లెక్క మొదటి పేరాలోకి వచ్చింది. శీర్షిక మాత్రం మారలేదు. ‘రెట్టింపు’ అలాగే అచ్చయింది. ఆ వారం పత్రికకు ఫోను చేసిన వాళ్లలో ఇద్దరు మాత్రలు పారేశామని చెప్పారట. ఆ మాట విన్నప్పట్నుంచి ఆమెకు అన్నం సహించలేదు.

ఆ ఏడాది ఆయన చెకింగ్ బల్ల దగ్గర కూర్చుని, కుట్టిన చొక్కాల్లో వదులు దారాలు కత్తిరించాడు. ఇంట్లో తన మాత్రలు తనే తీసుకునేవాడు. కామా అడిగేది కాదు. ఒకటి రెండు నెలలు ఇద్దరి మధ్యా మాటలు పొడిపొడిగా నడిచాయి. ఒకరోజు ఆయనే మంచాన్ని మళ్లీ కిటికీ దగ్గరికి లాగాడు. ఆమె వద్దనలేదు. కానీ బాత్రూంలో బకెట్ చప్పుడైనా, ఆయన మాట్లాడుతూ ఒక్క క్షణం ఆగినా, ఆమె ఒళ్లు బిగుసుకుపోయేది.

ఏడాది తిరిగింది. ఫిట్స్ మళ్లీ రాలేదు. డాక్టరు సంతకం పెట్టాడు. ఆ పొద్దున ఆయన కత్తి దగ్గరికి వెళ్లాడు. ఆఫీసులో ఆమె ముందు ప్రజారోగ్యం పేజీ ఉంది. ఒకే పేరాను నాలుగుసార్లు చదివింది.

సాయంత్రం ఆయన మామూలుగానే వచ్చాడు. కాళ్లు కడుక్కుని, టీ తాగి, అప్పుడు చెప్పాడు.

“కత్తి పట్టుకున్నానే. చెయ్యి బాగానే ఉంది. మీట వేశాను. వేశాక, ఇప్పుడొస్తేనో అనిపించింది. ఇంతకుముందు కోసిన నాలుగేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు. ఆపేశాను.”

ఆమె ఖాళీ కప్పు అందుకుంది.

“మార్కింగ్‌కి మార్చమన్నాను” అన్నాడు. “సుద్దముక్కతో గీతలు గీసిస్తే చాలు. వేరేవాళ్లు కోస్తారు.”

అలా ఆయన మార్కింగ్‌లోనే ఉండిపోయాడు. గీతలు చక్కగా వస్తాయని పేరు కూడా వచ్చింది. ఆమె ప్రూఫులు దిద్దుతూనే ఉంది. అందులో ఏ ముప్పు గురించి ఉన్నా, అంచున పెన్సిలుతో ‘ఎంతలో ఎంత?’ అని రాసి పైకి పంపుతుంది. కొన్నింటికి జవాబొస్తుంది, కొన్నింటికి రాదు.