తలుపుల్లేని అట్ట ఇళ్లు

మా ఇంట్లో చెత్త వీధిలోకి పోవాలంటే ముందు నన్ను దాటుకొని పోవాలి. పేస్టు డబ్బా, గుడ్ల ట్రే, మందుబిళ్లల అట్ట, ఫ్రిజ్‌తో పాటు వచ్చిన థర్మకోల్, ఆఖరికి టీ వడగట్టగా మిగిలిన పిప్పి కూడా. ఆ పిప్పిని ఎండబెడితే అచ్చం నేల మీద రాలి చివికిన ఆకుల్లా ఉంటుంది. నా భార్య దాన్ని రెండుసార్లు పూలకుండీలో పోసింది. రెండుసార్లూ నేను అన్నం మీద అలిగాను. నలభై దాటిన మనిషి టీ పిప్పి కోసం అలగడమేమిటని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి.

ఇదంతా యుద్ధం కోసం. బల్ల మీద ఆడే యుద్ధం. వేలెడు కూడా లేని ప్లాస్టిక్ సైనికులు, పాచికలు, దూరం కొలవడానికి ఒక టేపు. గద్వాలలో నేను, వనపర్తిలో ఒకాయన, నాగర్‌కర్నూల్‌లో ఒకాయన. ఈ మూడు జిల్లాల్లో ఈ పిచ్చి మా ముగ్గురికే ఉందనుకుంటాను. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తాం. సైనికులు వనపర్తి మిత్రుడివి, నియమాల పుస్తకం నాగర్‌కర్నూల్ మిత్రుడిది, నేల మాత్రం నాది. కొండలు, వాగులు, ముళ్లకంచెలు, అన్నిటికంటే ఎక్కువగా కూలిన ఇళ్లు. సైనికులు దాక్కోవాలంటే మొండిగోడలు కావాలి మరి.

నేను పనిచేసేది పత్తి విత్తనాలు ప్యాకింగ్ చేసే చోట కాబట్టి అట్టపెట్టెలకు కొదవ లేదు. అట్ట మీద బాల్‌పెన్ను గట్టిగా నొక్కి ఇటుకల గీతలు గీస్తాను. గోడ పై అంచును కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. తర్వాత నల్లరంగును నీళ్లలో పల్చగా కలిపి పూస్తే అది గీతల్లోకి, మూలల్లోకి దిగుతుంది. తడి మీద ఏమీ తెలియదు. ఆరాక చూస్తే, నిన్నటిదాకా పేస్టు డబ్బాగా ఉన్నది కాస్తా ఎవరో తింటున్న అన్నం వదిలేసి లేచిపోయిన ఇల్లయి కూర్చుంటుంది. ఇన్నేళ్లుగా చేస్తున్నా అప్పుడు నా ఒళ్లు జలదరిస్తుంది. నిజం చెప్పాలంటే ఆ జలదరింపు కోసమే చేస్తాను.

నా భార్యకు ఆ ఇళ్లంటే గిట్టదు. బల్ల కింద చీపురు పెట్టి లాగేదే తప్ప తలెత్తి చూసేది కాదు. ఒక్కసారి మాత్రం వంగి, ఒక కన్ను మూసి, కిటికీలోంచి లోపలికి చూసింది.

"ఇందుల ఎవరుంటరు?" అంది.

"ఎవరుంటరు? కూలిపోయింది గద."

"ఉంటరు," అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆ కిటికీ వైపు చూడకుండానే రంగు వేశాను.

అప్పటికి మాకు సొంతిల్లు లేదు, ఉంటున్నది అద్దె ఇల్లు. పెళ్లయిన కొత్తలో ఇద్దరం పాన్‌గల్ గుట్ట ఎక్కాం. దారి పక్కన రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి చిన్న ఇల్లు కడితే సొంతిల్లు కట్టుకునే రాత వస్తుందని మా వైపు నమ్ముతారు. అందరూ నాలుగు రాళ్లు పెట్టి దండం పెట్టుకుని పోతారు. ఆమె మాత్రం ఒక్కో రాయినీ చేత్తో కదిపి చూసి, ఊగితే తీసేసి, ఇంకోటి వెతికి తెచ్చింది. గుట్ట మీది కోట చూడాలని నేను తొందరపెడితే వినలేదు. పైకప్పుగా పెట్టిన పలకరాయి కుదురుగా కూర్చున్నాకే లేచింది. ఆమె అమ్మానాన్నలు వడ్డేపల్లి దగ్గరి నుంచి పుణె, ముంబై బిల్డింగు పనులకు పోయిన కూలీలు. పదిహేనేళ్లు వచ్చేదాకా ఆమె వాళ్ల వెంటే తిరిగింది. ఇల్లంటే ఆమెకు ఎంత ఆశో నాకు తెలుసు. తెలుసనుకున్నాను.

నిరుడు గద్వాల బయట మేం కొనుక్కున్న ప్లాటులో ఇంటి పని మొదలైంది. రోజూ సాయంత్రం గోడలు తడపడానికి పోయేవాణ్ని. వచ్చేటప్పుడు ఊరికే రావడం నా వల్ల కాదు. జేబుల నిండా ఇటుక ముక్కలు, ఇసుక, గట్టిపడిన సిమెంటు పెళ్లలు, గోడలకు కప్పే తడి గోనెసంచుల నుంచి లాగిన పీచు. కూలిన ఇంటి ముందు శిథిలాల కుప్ప పోయడానికి ఇంతకంటే మంచి సరుకు ఉండదు. ఇటుక ముక్కను సుత్తితో చితక్కొడితే చిన్న చిన్న ఇటుకలే అవుతాయి. దొరక్క దొరికిన నిధి అన్నట్టు మురిసిపోయాను.

ఆ సరుకుతో ఒక ఊరు చేశాను. పదకొండు ఇళ్లు, ఒక్కదానికీ పైకప్పు లేదు. అన్నిటికంటే పెద్దదాని వెనక గోడకు కిటికీ మూల నుంచి నేల దాకా మెట్లు మెట్లుగా పగులు చెక్కాను. పగుల్లో గోనెపీచు దూర్చి కలుపు మొక్కలా నిలబెట్టాను. వచ్చే ఆదివారం ఆట మా ఇంట్లోనే.

శనివారం పొద్దున లేచి చూస్తే పదకొండు గుమ్మాలకూ పరదాలున్నాయి. వేలెడంత పాతచీర పేలికలు. పైన ఫ్యాను తిరుగుతోంది, పదకొండు పరదాలూ ఒకేసారి లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి. వెనక ఎవరో నిలబడి ఊపిరి తీస్తున్నట్టే ఉంది. నేను ఫ్యాను ఆపేశాను.

"నువ్వు కట్టినవా?" అని అడిగాను.

"నేనెందుకు కడత? ఉంటున్నోళ్లే కట్టుకున్నరేమో." నవ్వుతుందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. నవ్వలేదు.

ఆదివారం మిత్రులు వచ్చారు. పరదాలు చూసి మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఆట మొదలయ్యాక మాత్రం ఒక్క సైనికుడూ ఇళ్లలోకి పోలేదు. వనపర్తి మిత్రుడు మామూలుగా మొదటి ఎత్తులోనే సైనికుల్ని ఏదో ఒక ఇంట్లో దూర్చే రకం. ఆ రోజు తన దండునంతా ఇళ్ల చుట్టూ తిప్పి బయట బయటే నడిపించి ఓడిపోయాడు. ఎందుకలా అంటే, "ఏమో సార్, ఎవరి ఇంట్లకో అడగకుండ పోయినట్లనిపించింది," అన్నాడు. నాగర్‌కర్నూల్ ఆయన మాట మార్చాడు.

పది రోజుల తర్వాత మేస్త్రి ఫోన్ చేసి ఒకసారి వచ్చి పొమ్మన్నాడు. ఇద్దరం వెళ్లాం. మా ఇంటి వెనక గోడ పగిలింది. వంటింటి కిటికీ మూల నుంచి నేల దాకా, మెట్లు మెట్లుగా. పగుల్లో తడి గోనెపీచు ఒకటి ఇరుక్కుని గాలికి ఆడుతోంది. గోడను పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నల్లరేగడి భూమి సార్ ఇది," అంటున్నాడు మేస్త్రి. "ఎండితే గుంజుతది, తడిస్తే ఉబ్బుతది. పునాది పక్కన తవ్వి జర బందోబస్తు చేస్త. పరేషాన్ కాకుండ్రి."

నా భార్య అతని మాట వినడం లేదు. నన్నే చూస్తోంది. పగుల్లోంచి ఆ పీచు లాగి పిడికిట్లో పెట్టుకుంది. ఇంటికి వచ్చాక చెప్పులు కూడా విడవకుండా నేరుగా బల్ల దగ్గరికి పోయింది. అట్ట ఇంటి పగుల్లో ఉన్న పీచు పక్కన తన చేతిలోది పెట్టింది.

"ఈ ఇటుక ఏడిది?"

"మన ఇంటి కాడిదే."

"ఇసుక?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"మన ఇంటి మన్ను తెచ్చి కూలిన ఇండ్లు కట్టినవా?"

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు, అందుకని నేను అరిచాను. మూఢనమ్మకాలన్నాను, ఈ కాలంలో కూడా ఇవేం మాటలన్నాను, మేస్త్రి చెప్పింది వినలేదా అన్నాను. భయం వేసినప్పుడు నాకు సైన్సు బాగా గుర్తొస్తుంది. పారేస్తాను పో, పీడ విరగడవుతుంది అని పదకొండు ఇళ్లనూ గోనెసంచిలో వేసుకుని గుమ్మం దాకా వచ్చాను.

"ఏడ పారేస్తవ్?" అంది వెనక నుంచి. "చెత్తబండిల వేస్తవా? ఇంటిని చెత్తల వేస్తరా ఎవరన్న?"

"కాలవెడత."

"ఇల్లు కాలవెడతవా?"

"కృష్ణల కలుపుత."

"డ్యాం కట్టంగ మునిగిన ఊర్లు సాలవా కృష్ణల?"

అరగంటలో పేస్టు డబ్బాతో చేసిన వస్తువును వదిలించుకునే దారి ఈ భూమి మీద ఒక్కటీ లేదు. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. లోపల ఇళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కదులుతున్నాయి. సంచిని నేల మీద పెట్టాక ఆగాయి.

"మరేం చెయ్యాలె?" అన్నాను.

"కట్టు. సగం చేసి ఇడిచిపెట్టినవ్ గద, పూర్తి చెయ్యి."

రోజూ డ్యూటీ నుంచి వచ్చి గోడలు లేపడం మొదలుపెట్టాను. చింపిన అంచుకు కొత్త అట్ట అతికితే అతుకు కనబడుతుంది. నిలబడ్డ ఇల్లు చేయడం ఇంత కష్టమని నాకు తెలియదు. మొదట్లో ఆమె దూరంగా కూర్చుని చూసేది. తర్వాత పక్కకు వచ్చి గోనెపీచు, ఇటుక ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఒకరోజు ఏరుతూనే అంది, "ఇవి కూలినయి అంటున్నవ్ గని, కూలినయి కావు. ఇంక కట్టనియి."

చూశాను. పైకప్పు లేని గోడలు, బొక్కల్లా కిటికీలు, ముందు ఇటుకల కుప్ప. అవును. కూలిన ఇల్లూ, కడుతున్న ఇల్లూ ఒక్క తీరుగానే ఉంటాయి.

"మేమున్నవన్నీ గిట్లనే ఉండె. కడుతున్న ఇంట్లనే ఉంటుంటిమి. గుమ్మానికి అమ్మ చీర కట్టేది. చీర కదిలితే గాలో, కుక్కో, మనిషో తెల్వకపోయేది. నేను దాన్నే చూసుకుంట పండుకునేది. ప్లాస్టరయితది, రంగులయితయి. ఆఖరికి తలుపులు తెస్తరు. తలుపు బిగించిననాడే మేం బయటికి. వడ్రంగి వస్తున్నడంటే చాలు, ఎవరూ చెప్పకుండనే అమ్మ మూట కట్టేది."

"పరదాలు నువ్వే కట్టినవ్ గద?"

"మరెవరు కడతరు? తలుపు లేని ఇంట్ల మనుషులుంటే బయటోళ్లు చూస్తరని కట్టిన."

నాకు సిగ్గేసింది. ఆమె ఏ గుమ్మం వైపు చూస్తూ భయంతో నిద్రపోయేదో, ఆ గుమ్మాన్ని నేను ఒళ్లు జలదరించడం కోసం ఏళ్ల తరబడి చేసుకుంటూ కూర్చున్నాను. చేసింది చాలక, ఆమె కళ్ల ముందే బల్ల మీద పేర్చాను.

పదకొండు ఇళ్లకూ కప్పులు వేశాను. అగ్గిపెట్టెల అట్టతో పదకొండు తలుపులు చేశాను. వాటిని మాత్రం ఆమె అతకనివ్వలేదు. "ఇప్పుడొద్దు," అంది. అవి ఒక గిన్నెలో ఉండిపోయాయి.

మేస్త్రి చెప్పినట్టే పునాది పక్కన తవ్వి, ఇనుము కట్టి, కాంక్రీటు పోశాడు. పగులు మళ్లీ రాలేదు. రంగులయ్యాయి. ఒక మధ్యాహ్నం వడ్రంగి వచ్చి ముందు తలుపు బిగించాడు. అతన్ని బండి మీద బస్టాండు దాకా దింపి, మిఠాయి కొనుక్కుని తిరిగి వచ్చాను.

నా భార్య బయట ఇసుక కుప్ప మీద కూర్చుని ఉంది, ముఖం తలుపు వైపు పెట్టి. పక్కన మూట. మా సామాను ఇంకా ఏదీ రాలేదు. అక్కడున్నవల్లా నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, చీపురు, పని చేసేటప్పుడు కట్టుకునే ఒక పాత చీర. ఆ చీరలో మిగతావన్నీ పెట్టి ముడి వేసింది.

"ఏమయింది?"

"ఏం లేదు. తలుపు పెట్టిండు గద." మూట వైపు చూసుకుంది. "ఎప్పుడు కట్టిన్నో నాకే తెల్వదు. ఎవరన్న వచ్చి పొమ్మంటరేమోనని చూస్తున్న."

ఇది మన ఇల్లే అనబోయి, పక్కన కూర్చున్నాను. పొద్దు వంగుతోంది. రోడ్డు మీద ఒక మోటారుసైకిలు మా ముందుకు వచ్చి నెమ్మదించింది. ఆమె ఊపిరి ఆగడం నాకు వినబడింది. సైన్సు చెప్పిన నేను కూడా ఆ మనిషి దిగుతాడేమోనని సగం లేచి చూశాను. అతను గుంత తప్పించుకుని వెళ్లిపోయాడు.

ఎవరూ రాలేదు. చాలాసేపయ్యాక ఆమె లేచి, మూట నా దగ్గరే వదిలి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు. తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. నేను మూట తీసుకుని గుమ్మం ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"ఎవరూ?" అంది లోపలి నుంచి.

నేనింకా తట్టనే లేదు. "నేనే," అన్నాను.

కాసేపు ఆలోచించుకుని గానీ తలుపు తీయలేదు.