బావ కుడిచెయ్యి

మా అక్క భర్తకి కుడివైపు పక్షవాతం వచ్చింది. మనిషి దక్కాడు, అదే పదివేలు అన్నారు అందరూ. సెలూను నడిపేవాడికి కుడిచెయ్యి పోయాక ఇంకేం దక్కినట్టో నాకైతే అర్థం కాలేదు. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. షాపులో ఉన్నవి రెండే కుర్చీలు, లోపలిది ఆయనది, తలుపు పక్కది నాది.

ఆయన పడిపోయాక నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. పొద్దున్నే షట్టరు ఎత్తేవాణ్ణి, ఖాళీ కుర్చీ తుడిచేవాణ్ణి, సాయంత్రం జుట్టు ఊడ్చేవాణ్ణి. అంతే.

బావది మాత్రం ఒకటే పట్టుదల, మళ్ళీ ఆ కుర్చీ వెనక నిలబడాలి. కటింగ్ అయ్యాక ఆయన కస్టమర్ల మెడా భుజాలూ పిసికేవాడు. సగంమంది దానికోసమే వచ్చేవాళ్ళు. అందుకని చేతి సత్తా అంటే ఆయన లెక్కలో పిసకడమే. వేళ్ళు కాస్త కదలగానే ఒక రబ్బరు బంతి తెప్పించుకున్నాడు. తింటూ నొక్కేవాడు, టీవీ చూస్తూ నొక్కేవాడు. వద్దని చెప్పే నాథుడు లేడు. అక్కయితే మురిసిపోయి, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ చెయ్యి పట్టించేది. ఒకరోజు నా మణికట్టు పట్టుకున్నాడు. ఉడుంపట్టే. ఇక చాల్లే బావా అన్నాను. వదల్లేదు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆయన మొహం చూస్తే అది ఆట కాదు.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ముందుగా ఆమె బావ చేతిలోంచి ఆ బంతి తీసి పక్కన పెట్టేసింది. తర్వాత నా ముంజెయ్యి పట్టుకుని చూపించింది. కండరానికి లాగడం తప్ప నెట్టడం రాదట. గట్టి తాళ్ళలాంటి వాటితో ఎముకకి అతుక్కుని ఉంటుంది, కుదించుకుంటే ఎముక దాని వెంట వస్తుంది. అందుకే జతలుంటాయి. ముంజేతికి లోపలివైపువి వేళ్ళు ముడుస్తాయి, వెనకవైపువి చాపుతాయి. ఒకటి లాగినప్పుడు రెండోది వదులవ్వాలి. గుండే పేగులూ మనం చెప్పకపోయినా వాటి పని అవి చూసుకుంటాయి గానీ, చేతికి మెదడు కబురు పంపాలి. దెబ్బ తగిలింది అక్కడే. ముడిచేవి బిగుసుకుపోయాయి, చాపేవి నీరసించాయి. బావ ఇన్నాళ్ళూ ఆ బిగుసుకున్నవాటికే పని చెప్పాడు.

"అయితే బలం రాలేదా అమ్మా?" అన్నాడు బావ, నత్తిగా.

"వచ్చింది. మీకు కావాల్సింది వదలడం," అందా అమ్మాయి.

నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. కత్తెరలో బొటనవేలే ఆడాలని, మూయడం కంటే తెరవడమే పనితనమని నాకు నేర్పినవాడు ఆయనే. ఇద్దరం రోజంతా చేసే పనే అది. ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

తర్వాత నెలల తరబడి, వేళ్ళు ముడుచుకోకుండా చేతికి చెక్క కట్టారు, బల్ల మీద అరచెయ్యి ఆనించి ఒత్తారు. వేళ్ళు కాస్త వదులయ్యాయి. ఇక చాలు, షాపుకి పద అన్నాడు బావ.

ఆ రోజు లోపలి కుర్చీలో ఆయన పాత కస్టమరొకాయన కూర్చున్నాడు. నేను మెడకి గుడ్డ కట్టాను. బావ ఎడమచేత్తో కుడివేళ్ళు విప్పుకుని కత్తెర దూర్చుకున్నాడు. దువ్వెన నేను పట్టుకున్నాను. కత్తెర మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. ఆయన దవడ బిగుసుకుంది, మెడ నరాలు తేలాయి, భుజం మొత్తం పైకి లేచింది. బొటనవేలు మాత్రం ఉన్నచోటే ఉంది. కస్టమరు అద్దంలోకి చూడకుండా ఒళ్ళోకి చూసుకుంటున్నాడు. తొందరేం లేదు, నిదానంగా కానీ అన్నాడు.

కాసేపటికి బావ చెయ్యి నా వైపు చాచాడు. కత్తెర నేనే తీసుకున్నాను.

"కుర్చీ దించుకోరా," అన్నాడు. "నీ ఎత్తుకి."

ఆ కుర్చీ ఇన్నేళ్ళూ బావ ఎత్తుకే ఉంది. నేను ఆయన భుజం దాకా వస్తాను. కాలితో మీట తొక్కాను, కుర్చీతో పాటే కస్టమరు మెల్లగా కిందికి దిగాడు. బావ వెళ్ళి, వంతు కోసం కాచుకునేవాళ్ళ బెంచీ మీద ఒక చివర కూర్చున్నాడు.