కోచ్ గురించి వాకబు

కెనడాలోని రెజైనాలో తెలుగువాళ్ళకి ఎవరి గురించైనా నిజం తెలియాలంటే బాలకుమారిని అడుగుతారు. ఆవిడ పోలీసూ కాదు, పాస్టరమ్మగారూ కాదు. ఒక వృద్ధాశ్రమంలో నర్సు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. కెనడా సంబంధం వచ్చిందంటే చాలు, పిల్లాడు ఎలాంటివాడో కాస్త కనుక్కోమని గోదావరి జిల్లాల నుంచి ఫోన్లు వచ్చేవి. ఈమధ్య స్టూడెంట్లు విమానాల నిండా దిగడం మొదలయ్యాక ఆ ఫోన్లు పదింతలయ్యాయి. కాలేజీ అసలుదేనా, బేస్‌మెంట్‌లో హీటర్ పనిచేస్తుందా, ఇంటావిడ మంచిదేనా, అన్నీ ఆవిడే తేల్చాలి.

వాకబులో ఆవిడకో పద్ధతి ఉంది. పొగిడేవాళ్ళ మాట అస్సలు లెక్కలోకి తీసుకోదు. ఆ మనిషంటే ఒళ్ళుమండేవాళ్ళు ఎవరో వెతికి పట్టుకుని, వాళ్ళని మాటల్లోకి దింపుతుంది. "గిట్టనివాళ్ళు తిడితే తిట్టనీ. దేని గురించి తిడుతున్నారో వినాలి, మనక్కావలసింది అక్కడే దొరుకుద్ది" అంటుంది. ఈ పద్ధతితో ఆవిడ చెడగొట్టిన సంబంధాలు కొన్ని, నిలబెట్టినవి ఇంకొన్ని.

అంత గడసరికీ సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆరన్ పన్నెండో తరగతి. గుమ్మంలో తల వంచి నడవాల్సినంత పొడుగు, దానికి తగ్గ ఒళ్ళు. స్కూల్లో ఫుట్‌బాల్ ఆడతాడు. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునేది. అందులోనూ వాడికి బంతి ముట్టుకునే యోగం లేదు. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు ఐదుగురు గోడలా నిలబడి, మీదికొచ్చేవాళ్ళని ఒంటితో ఆపాలి. ఆ ఐదుగురి వరసని అఫెన్సివ్ లైన్ అంటారు. "ఇంత తిండి పెట్టి పెంచింది ఇంకోడికి అడ్డం నిలబడ్డానికా!" అని బాలకుమారి గొణుగుతూ ఉండేది.

గొణుగుడు వెనక ఉన్నది భయం. ఆశ్రమంలో ఆవిడ వార్డులో ఒకాయన ఉన్నాడు. వయసులో ఉండగా ఈ ఆటే ఆడి, తలకి చాలా దెబ్బలు తిన్నాడు. అరవై నిండకుండానే సొంత కూతుర్ని "మీరెవరండీ?" అని మర్యాదగా అడుగుతాడు. ఆయనకి అన్నం తినిపించి ఇంటికొచ్చిన రోజు బాలకుమారి కొడుకు తల వైపు చూడలేకపోయేది.

2022 మార్చిలో అల్బర్టాలోని ఒక కాలేజీ నుంచి మెల్నిక్ అనే ఆయన ఆరన్‌ని తమ జట్టులోకి అడగడానికి ఇంటికి వస్తానన్నాడు. లైన్‌లో ఆడే ఆ ఐదుగురికీ ఆయనే కోచ్. బాలకుమారి భర్త సంతోషం గారు ఆదివారం చర్చిలో ప్రార్థన మనవి చేస్తూ "మా అబ్బాయి కోసం అఫెన్సివ్ కోచ్ ఒకాయన వస్తున్నారు" అన్నారు. ఆయనకి ఆటలో ఓనమాలు రావు. సంఘపెద్ద ఇంకా తక్కువ తెలిసినవాడు. ఆ కోచ్ నోటి దురుసు మాన్పించమని దేవుణ్ణి కన్నీళ్ళతో వేడుకున్నాడు.

వచ్చినాయన నోరు మాత్రం బంగారం. సోఫా అంచున ఒద్దికగా కూర్చుని, పెట్టిన గారెలన్నీ తిన్నాడు. ఆరన్ కొత్త చొక్కా వేసుకుని తలొంచుకుని కూర్చున్నాడు. అచ్చం పెళ్ళిచూపులే, కాకపోతే పెళ్ళికూతురు నూట ముప్ఫై కిలోలు! కాఫీ అయ్యాక ఆయన ఆరన్‌ని తీసుకుని బయటికెళ్ళి, కారు దగ్గర చాలాసేపు మాట్లాడి వెళ్ళిపోయాడు. వచ్చే శుక్రవారంలోగా సంతకం చెయ్యాలన్నాడు.

"మనిషి మంచోడిలాగే ఉన్నాడు బాలా" అన్నారు సంతోషం గారు.

"పెళ్ళిచూపుల్లో చెడ్డోడిలా ఎవడు కనపడతాడండీ?" అంది బాలకుమారి, ఫోన్ తీసింది.

ఆయన చరిత్ర చూస్తే గుండె జారిపోయింది. కొద్ది ఏళ్ళలోనే మూడు కాలేజీలు మారాడు. పెళ్ళికొడుకైతే ఇక్కడితోనే కొట్టేసేది. అంతకన్నా ఘోరం, అల్బర్టాకి రాకముందు మానిటోబాలో ఒక చిన్న ఊరి కాలేజీలో పనిచేసిన ఆఖరి ఏడాది, ఆయన పేరు కింద ముప్ఫైకి పైగా సాక్‌లని రాసి ఉంది. సాక్ చేశారంటే పీకేశారని గదా, పేపర్లో చదువుతూనే ఉంటాం. ఒక్క ఏడాదిలో ముప్ఫైమంది పిల్లల్ని తరిమేసినవాడు రేపు తన కొడుకు మోకాలు విరిగితే తిరిగి చూస్తాడా?

"వద్దు" అని తేల్చి చెప్పింది. ఆరన్ వాదించలేదు. "ఓకే, మామ్" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. రెండు రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. పిల్లాడు అరిచి గోల చేసుంటే ఆవిడ గట్టిగానే నిలబడేది. ఆ మౌనానికి మాత్రం కరిగిపోయింది. గిట్టనివాళ్ళని అడక్కుండా తీర్పు చెప్పడం తన పద్ధతి కాదని కూడా గుర్తొచ్చింది.

మానిటోబాలోని ఆ ఊళ్ళోనే దేవిశ్రీ అని కరీంనగర్ పిల్ల చదువుతోంది. ఆ పిల్ల ఉంటున్న బేస్‌మెంట్ గది గురించి వాకబు చేసిపెట్టింది బాలకుమారే. వెంటనే ఫోన్ కలిపింది.

"అమ్మా దేవీ, మీ కాలేజీలో ఇదివరకు మెల్నిక్ అని ఫుట్‌బాల్ కోచ్ ఉండేవాడంట. ఆయనంటే పడనోళ్ళు ఎవరన్నా తెలుసా?"

దేవిశ్రీ పకపకా నవ్వింది. "యాడికో పోవుడెందుకు ఆంటీ, మా ఓనరాంటీ లేదా? వాళ్ళ కొడుకు ఆ టీమ్‌ల ఆడిండు. ఆయన పేరు తీస్తే చాలు, ఇంతెత్తున లేస్తది. ఆగండి, ఇస్తా."

ఇంటావిడ పేరు షెరిల్. బాలకుమారి నాన్చకుండా ఇంగ్లీషులో అడిగేసింది, ఆయన ముప్ఫైమంది కుర్రాళ్ళని తీసేశాడట నిజమేనా అని.  అవతల నుంచి పెద్ద నవ్వు.

"సాక్ అంటే అది కాదండీ! క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోగా అతన్ని కింద పడేస్తే దాన్ని సాక్ అంటారు. లైన్ సరిగ్గా కాయలేదని అర్థం. ఆ ముప్ఫై చిల్లరసార్లూ కిందపడ్డది నా కొడుకు."

నవ్వు ఆగి కోపం మొదలైంది. బాలకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లైన్‌లో మంచి ఆటగాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. ఒకడికి తలకి దెబ్బ, ఒకడికి మోకాలు. ఇద్దరూ ఆడతాం మొర్రో అన్నారు. హెడ్ కోచ్ దింపమన్నాడు. ఈ మొండిమనిషి ససేమిరా అన్నాడు. సీజనంతా వాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి, నిన్నగాక మొన్నొచ్చిన పిల్లల్ని దింపాడు. వాళ్ళేం ఆపుతారు? మ్యాచ్‌లన్నీ పోయాయి. చివరికి ఆయన ఉద్యోగమూ పోయింది. నేనైతే పోనీ అనుకున్నాను!"

"ఆ తలకి దెబ్బ తగిలిన అబ్బాయి..." అంది బాలకుమారి.

"వాడికేం, నిక్షేపంలా ఉన్నాడు. స్కూల్లో లెక్కలు చెప్తున్నాడు. భుజానికి ఆపరేషన్ అయింది నా కొడుక్కి."

ఆ తల్లి కోపంలో న్యాయం ఉంది. ఆ భుజం తన కొడుకుదైతే తనూ అంతే తిట్టేది. "మీ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడండీ?" అని అడిగింది, పైపైన కాదు, నిజంగానే. బాగున్నాడనీ, ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగమనీ షెరిల్ మెత్తబడి చెప్పింది. ఇద్దరూ ఇంకాసేపు పిల్లల తిండి గురించి మాట్లాడుకున్నారు.

ఫోన్ పెట్టేశాక బాలకుమారి సింక్ దగ్గర నిలబడి ఏడ్చేసింది. సంతోషం గారు కంగారుగా పరిగెత్తుకొచ్చారు.

"ఏమైంది బాలా? అంత చెడ్డోడా?"

"కాదండీ. బతికాం" అని చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ కోచ్ పేరు కింద అందరూ మచ్చ అని చదివే అంకె ఉంది చూశారా, అది ఆ ఇద్దరు పిల్లల్ని కాచినందుకు పడిన అంకె." ఇన్నాళ్ళుగా గుండె మీద కూర్చున్న బరువు దిగినట్టయి ఆవిడకి ఆకలి కూడా వేసింది.

ఆరన్ వంటింట్లోకి రాగానే "సంతకం చెయ్యి" అంది.

వాడు నమ్మలేదు. "సీరియస్లీ? వై?"

"నీకు దెబ్బ తగిల్తే ఆడనివ్వడు. అందుకు."

ఆరన్ మొహం ఎర్రబడింది. తర్వాత ఇంగ్లీషులో, చిన్నగా చెప్పాడు. ఆ రోజు కారు దగ్గర కోచ్ ఆట గురించి అడగలేదట. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, దాచకుండా చెప్పు అన్నాడట. కిందటి అక్టోబర్‌లో ఒక మ్యాచ్‌లో తగిలింది. వారం రోజులు తల దిమ్మెక్కి, వెలుతురు చూడలేకపోయాడు. అయినా తర్వాతి మ్యాచ్ ఆడేశాడు. ఎవరికీ చెప్పలేదు, కోచ్‌కి తప్ప.

"హీ సెడ్ టెల్ యువర్ మామ్ ఫస్ట్. అది చెప్పకపోతే నన్ను తీసుకోనన్నాడు. నాకు చెప్పడానికి భయమేసింది."

ఊరందరి గుట్టూ బయటికి లాగిన బాలకుమారి ఇంట్లో, ఆ అక్టోబర్‌లో వారం రోజులు కొడుకు కర్టెన్లు వేసుకుని పడుకున్నాడు. పరీక్షలకి చదువుతున్నాడనుకుని ఆవిడ పాలు కలిపి తలుపు దగ్గర పెట్టి వెళ్ళింది.

తిట్టబోయి మానేసింది. వాడి తల అందుకుందామని చేతులు చాపింది. అందలేదు.

"కూర్చోరా" అంది.

వాడు కూర్చున్నాడు.